రోజుకి పది మైక్రాన్లు

పెళ్లయిన ఎనిమిదో రోజున నీలవేణి ల్యాబ్‌కి తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల మీద రెండు కొత్త వస్తువులు ఎదురుచూస్తున్నాయి. ఒకటి బ్యాడ్జీ, రెండోది సర్క్యులర్.

బ్యాడ్జీ చూసి ముచ్చటపడింది. అసలు ఆ వారంలో ఆమెకు ముచ్చట కలిగించని వస్తువే లేదు. మెడలో పసుపుతాడు జాకెట్టు అంచుకు రంగు అంటిస్తే ముచ్చట. కాలి మెట్టెలు నాపరాళ్ల మీద టిక్కుటిక్కుమంటే ముచ్చట. నిన్నటిదాకా "జరుగు పాపా" అన్న బస్సు కండక్టరు ఇవాళ "జరగండమ్మా" అన్నాడని మరీ ముచ్చట. బ్యాడ్జీ మీద ఆమె పేరు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది. వెనక పిన్ను లేదు. పట్టుచీరలకు చిల్లులు పడుతున్నాయని ఆడ ఉద్యోగులు మొరపెట్టుకోవడంతో సంస్థ వారు ఈసారి అయస్కాంతం బ్యాడ్జీలు చేయించారు. బట్ట లోపల పట్టీకి అతికించిన అయస్కాంతం బిళ్ల, బట్ట పైన పేరు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కొత్త దంపతుల్లాగా.

ఆమె దాన్ని గుండెల దగ్గర పెట్టుకుందో లేదో, అవసరానికి ఉంటాయని అమ్మ పసుపుతాడుకు తగిలించిన రెండు పిన్నీసులూ టిక్కుమని వెళ్లి బిళ్లకు అతుక్కున్నాయి.

"ఓహో, నువ్వు లోపలికి రాకూడదు తల్లీ" అని నీలవేణి బ్యాడ్జీనీ పిన్నీసులనూ వరండాలోని అలమరలో పెట్టేసింది. అయస్కాంతాల మీద పరిశోధన చేసేవాళ్లకు మొదటి పాఠం అదే. ఊళ్లో అయస్కాంతాలన్నిటినీ గుమ్మం బయటే వదలాలి. తలుపు మీద ఒక కాగితం కూడా అంటించింది: "దయచేసి బ్యాడ్జీలు బయట పెట్టి లోపలికి రండి."

ఆ తర్వాత సర్క్యులర్ చదివింది.

అది పలుచని లోహాల పరిశోధనా కేంద్రం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, ఏడాదికో గేటు తుప్పుపట్టేటంత దగ్గరగా సముద్రం ఒడ్డున ఉంటుంది. దాని డైరెక్టరు డాక్టర్ కామేశ్వర ప్రసాద్ గారు ఈమధ్య ఎక్కడో కొండ మీది హోటల్లో మూడు రోజుల కార్యశాలకు వెళ్లివచ్చారు. ఎవరెవరో కొండ మీద నుంచి తేనె తెచ్చుకుంటారు, ఆయన ఒక పథకం తెచ్చుకున్నారు. దాని పేరు 'దినదిన ప్రగతి'. సంస్థలోని ప్రతి విభాగమూ ప్రతిరోజూ సాయంత్రం నాలుగు గంటల్లోగా ఆ రోజు సాధించిన ప్రగతిని కొలిచి, అంకెల్లో నమోదు చేయాలి. ఏ రోజు ప్రగతి ఆ రోజే. నిర్దేశిత ప్రగతి చూపనివారికి ఎటువంటి సెలవులూ మంజూరు కావు.

నీలవేణి పెళ్లి సెలవులో ఉన్న వారంలోనే సంస్థ అంతా ప్రగతితో కళకళలాడింది. తోటమాలి కొబ్బరిచెట్లకు రోజూ టేపు పెడుతున్నాడు. లైబ్రరీ ఆయన రోజుకొక పుస్తకాన్ని ఎడమ బీరువాలోంచి కుడి బీరువాలోకి మారుస్తున్నాడు. క్యాంటీన్ వాడు అందరికంటే తెలివైనవాడు. ఇడ్లీ వ్యాసం రోజూ పెరగాలన్నారు కదా అని మొదటి రోజు ఇడ్లీని పదిరూపాయల బిళ్లంత వేశాడు.

ఎవరికేం ఇబ్బంది ఉన్నా నీలవేణికి ఉండకూడదనే అనుకున్నారంతా. ఎందుకంటే ఆ సంస్థలో నిజంగా కదిలే వస్తువు మీద పని చేస్తున్నది ఆమె ఒక్కతే.

ఆమె ఆ ఉదయమే సెలవు చీటీ పట్టుకుని ప్రగతి పర్యవేక్షణ విభాగానికి వెళ్లింది. ఆ విభాగానికి అధికారి దక్షిణామూర్తి గారు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

"పదిహేనో రోజు నుంచి నాలుగు రోజులు సెలవు కావాలి సార్. పదహారు రోజుల పండుగ."

"పదహారు రోజుల పండుగకు నాలుగు రోజులు చాలునా?" అన్నారు ఆయన, లెక్క సరిచూస్తున్నట్టు.

"పండుగ పదహారు రోజులు కాదు సార్. పెళ్లయిన పదహారో రోజున చేస్తారు. పసుపుతాడు తీసి, సూత్రాలూ నల్లపూసలూ గొలుసుకు గుచ్చుతారు. నేను లేకుండా కుదరదు."

"సంతోషం. మీ ప్రాజెక్టు దేనికి సంబంధించినది?"

నీలవేణికి ఇలాంటి ప్రశ్న అంటే ఇష్టం. వాళ్లది ఆత్రేయపురం. అందుకని ఆమె పరిశోధన ఎప్పుడూ పూతరేకుతోనే మొదలవుతుంది. "పూతరేకులో పొర మీద పొర ఉంటుంది కదా సార్. మా ఫలకం కూడా అంతే. ప్లాటినం ఒక పొర, కోబాల్టు ఒక పొర, మళ్లీ ప్లాటినం. కాకపోతే పూతరేకు పొర కంటే కొన్ని వేల రెట్లు పలుచన. ఆ కోబాల్టులో కోటానుకోట్ల అణువులు చిన్నచిన్న అయస్కాంతాల్లా ఉంటాయి. ఒక ప్రాంతంలో అన్నీ పైకి చూస్తాయి, పక్క ప్రాంతంలో అన్నీ కిందికి చూస్తాయి. ఆ రెండు ప్రాంతాలూ కలిసే చోటుంది చూశారా, ఆ హద్దును డొమైన్ వాల్ అంటారు. మైక్రోస్కోపులో చూస్తే ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు, మధ్యలో హద్దు. బయట నుంచి కాస్త అయస్కాంత బలం ఇస్తే ఆ హద్దు జరుగుతుంది. ఎలా జరుగుతుందన్నదే నా ప్రాజెక్టు."

"జరుగుతుంది" అని దక్షిణామూర్తి గారు రాసుకున్నారు. "శుభం. ఎంత దూరం జరగాలి?"

"ఫలకం వెడల్పు వెయ్యి మైక్రాన్లు సార్. అంటే ఒక మిల్లీమీటరు."

"వంద రోజుల్లో పూర్తి. రోజుకి పది మైక్రాన్లు." ఆయన రాసి, గీత గీసి, సంతకం పెట్టారు.

తల వెంట్రుకను నిలువునా ఏడు చీలికలు చేస్తే, ఒక చీలిక మందమే పది మైక్రాన్లు. అంతదానికి ఇబ్బందేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నీలవేణి మాత్రం నీళ్లు నమిలింది.

"అది రోజూ జరగదు సార్. పొరల్లో అక్కడక్కడా గరుకులుంటాయి, లోపాలుంటాయి. హద్దు వాటికి తట్టుకుని ఆగిపోతుంది. గంటలు ఆగొచ్చు, రోజులు ఆగొచ్చు. వేడికి అణువులు వణుకుతుంటాయి కదా, ఆ వణుకులో ఎప్పుడో ఒక చోట పట్టు వదులుతుంది. అప్పుడు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మళ్లీ ఇంకోచోట ఆగుతుంది."

"బలం పెంచండి."

"పెంచితే పరుగెత్తుతుంది సార్. నేను చూడవలసింది పరుగు కాదు. తక్కువ బలానికి ఎలా పాకుతుందన్నది."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, సంస్థ మనకు లక్ష్యం ఇచ్చినది. సదరు హద్దుకు కూడా లక్ష్యం ఇచ్చినట్టే. మీరు దానికి తెలియజేయండి. సెలవు విషయం ప్రగతిని బట్టి పరిశీలించబడుతుంది."

ఆ సాయంత్రం కొత్త పెళ్లికొడుకు సత్యదేవ్‌కి ఫోన్ చేసి చెప్పింది. అతను కొత్తపేటలో పశువుల డాక్టరు.

"ఇందులో నాకు అర్థం కానిదేం లేదు వేణీ" అన్నాడతను. "మీ హద్దూ మా గేదే ఒకటే. కాలవ గట్టు మీద గేదె ఆగిందనుకో, పలుపు పట్టి నువ్వెంత లాగినా కదలదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు కదులుద్ది. అప్పుడు పలుపు పట్టుకున్నోడు కాలవలో ఉంటాడు."

"ఆ మాట మా దక్షిణామూర్తి గారికి చెప్పాలండీ."

"చెప్పకు. గేదెకి కూడా లక్ష్యం ఇస్తాడు. ఇంతకీ పదిహేనో రోజుకి వస్తున్నావా లేదా? మీ అమ్మగారు ఊరంతా పిలిచేశారు. నువ్వు రాకపోతే సూత్రాలు నా మెళ్లో కట్టేలా ఉన్నారు, ఆయ్."

నీలవేణి నవ్వింది. నవ్వి, ఫోన్ పెట్టేశాక, నవ్వు తగ్గింది.

ఆ మొదటి రోజు హద్దు కదలలేదు. ప్రగతి పత్రంలో సున్నా రాసింది. రెండో రోజూ కదలలేదు. సున్నా పక్కన సున్నా చేరింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనం నుంచి వచ్చేసరికి, అరటికాయ వేపుడు తినే ఇరవై నిమిషాల్లోనే అది ముప్పై నాలుగు మైక్రాన్లు దూకి, కొత్త చోట బుద్ధిగా నిలబడి ఉంది. మూడు రోజులకు ముప్పై కావాలి, ముప్పై నాలుగు వచ్చింది. నీలవేణి పత్రం పట్టుకుని పరుగున వెళ్లింది.

దక్షిణామూర్తి గారు చాలాసేపు చూశారు. "మొదటి రెండు దినములు ప్రగతి శూన్యం. మూడవ దినమున ఇరవై నాలుగు మైక్రాన్లు అదనం. అదనపు ప్రగతికి ముందస్తు అనుమతి తీసుకున్నారా?"

"మొత్తం మీద సరిపోయింది కదా సార్."

"మొత్తం మీద అనే పద్ధతి దినదిన ప్రగతిలో లేదు. మూడు రోజుల అన్నం ఒకే రోజు తింటామా?"

పెళ్లిళ్లలో తింటామని నోటిదాకా వచ్చింది గానీ, ఇంకా సెలవు మంజూరు కాలేదని గుర్తొచ్చి ఆగింది.

"అదనముగా వచ్చిన ఇరవై నాలుగు మైక్రాన్లను వెనుకకు తెచ్చి, రేపటి నుండి క్రమపద్ధతిలో వినియోగించుకొనవలెను" అని ఆయన పత్రం మీద రాసిచ్చారు.

ఆ కాగితం ల్యాబ్ టెక్నీషియన్ సింహాచలం చేతిలో అటూ ఇటూ తిరిగింది. ముప్పై ఏళ్లుగా ఆ ల్యాబ్‌ను కనిపెట్టుకుని ఉన్న మనిషి. నీలవేణి గైడ్ సుభద్ర గారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉండడంతో ల్యాబ్‌కి ఇప్పుడు పెద్దదిక్కు ఆయనే.

"ఎనక్కి తెమ్మంటే ఎలగొత్తదమ్మా? ఎళ్లిన దారినే ఎనక్కి రాదు కదేటి అది?"

"రాదు బాబాయ్. ఎనక్కి తోస్తే ఇంకో గరుకు దగ్గర ఆగుద్ది."

"మరి సెప్పలేకపోనావా?"

"చెప్పాను. ఆయనా ఒక గరుకు దగ్గరే ఆగారు."

మర్నాడు ఇద్దరూ అయస్కాంత బలమిచ్చే తీగచుట్టలో కరెంటు దిశ తిప్పి హద్దును వెనక్కి తోశారు. సాయంత్రం మూడున్నర దాకా హద్దు ఉలకలేదు, పలకలేదు. నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా ఒక్క దూకు దూకి యాభై మైక్రాన్లు వెనక్కి పోయింది. ఇంతకు ముందు లేని వంకర కూడా ఒకటి తెచ్చుకుంది. పత్రంలో ప్రగతి ఇప్పుడు మైనస్ పదహారు. సంస్థ చరిత్రలో మైనస్ రాసిన మొదటి మనిషి నీలవేణి. సెలవు చీటీ మీద "పెండింగ్" అని ముద్ర పడింది. మరుసటి రోజు ఉదయం పదకొండు గంటలకు ప్రత్యక్ష పరిశీలన జరుగుతుందని కబురొచ్చింది.

ఆ సాయంత్రం నీలవేణి ఒక పని చేసింది. తన అసలు ఫలకాన్ని లోపలి గదిలోని కెమెరా మైక్రోస్కోపు కింద పెట్టి, అతి తక్కువ బలం ఇచ్చి, నిమిషానికొక ఫోటో తీసేలా అమర్చింది. గదికి తాళం వేసి, తాళంచెవి సింహాచలానికి ఇచ్చింది. బయటి గదిలో పిల్లల ప్రాక్టీసు కోసం ఉంచిన పాత మైక్రోస్కోపు కింద ప్రాక్టీసు ఫలకాన్ని పెట్టింది. ఇందులో దాపరికమేం లేదు. పదకొండింటికి దక్షిణామూర్తి గారు రాగానే చెప్పేసింది.

"ఇది ప్రాక్టీసుకి వాడే ఫలకం సార్. పొరలు అవే."

"పరిశీలనకు అభ్యంతరం లేదు. హద్దు ఉన్నదా?"

"ఉంది సార్. తెర మీద చూపిస్తాను."

"తెర మీద చూచినది ప్రత్యక్ష పరిశీలన అనిపించుకోదు. కంటితో చూడవలెను."

"అయితే మీ బ్యాడ్జీ బయట పెట్టి రండి సార్. దానిలో అయస్కాంతం ఉంది."

దక్షిణామూర్తి గారు తన గుండెల మీదికి చూసుకున్నారు. "సర్క్యులర్ చదివితిరా? విధి నిర్వహణలో ఉన్న అధికారి ఎట్టి పరిస్థితుల్లోనూ బ్యాడ్జీ తొలగించరాదు."

"అది దగ్గరకొస్తే హద్దు..."

"బ్యాడ్జీ లేకుండా చూస్తే ఎవరు చూసినట్టు?" అని అడిగి, ఆయన మైక్రోస్కోపు మీదికి వంగారు. కళ్లు దాని అద్దాల దగ్గరికి వెళ్లాయి. బ్యాడ్జీ ఫలకం దగ్గరికి వెళ్లింది. హద్దు వంద మైక్రాన్లు ముందుకు నడిచింది.

ఆయన లేచారు. ముఖం వెలిగిపోతోంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో, తాను చూస్తుండగా ఒక పని జరగడం ఆయనకు ఇదే మొదటిసారి.

"చూచితిరా? మీరు మూడు రోజులు కూర్చున్నారు, కదలలేదు. నేను పరిశీలించాను, కదిలినది."

"అది మీ బ్యాడ్జీ సార్."

"బ్యాడ్జీ అంటే హోదా. అదే నేనూ చెప్పుచున్నాను."

నీలవేణి ఆ రోజే ఒక నోట్ రాసింది. బ్యాడ్జీల్లోని అయస్కాంతాల వల్లే హద్దు కదులుతోందనీ, బ్యాడ్జీ తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూస్తే తెలిసిపోతుందనీ, ఎవరికైనా అర్థమయ్యేలా ఏడు వాక్యాల్లో రాసింది. నోట్ ప్రగతి విభాగానికి వెళ్లింది. బ్యాడ్జీలు తమ పరిధి కాదని వారు దాన్ని కొనుగోలు విభాగానికి పంపారు. అయస్కాంతం సాంకేతిక విషయమని వారు సాంకేతిక కమిటీకి పంపారు. కమిటీ సభ్యులు ఇద్దరు పదవీ విరమణ చేసి ఉండడంతో అది అక్కడ ఆగింది.

పదమూడో రోజున డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. వెనక అధికారుల పరిశీలన కమిటీ. సంస్థలో బ్యాడ్జీ పొడవు హోదాను బట్టి ఉంటుంది. దక్షిణామూర్తి గారి బ్యాడ్జీకి ఒక బిళ్ల చాలు. డైరెక్టరు గారి పదవి పేరు రెండు వరుసలు, డిగ్రీలు ఒక వరుస. ఆ బరువు ఆపడానికి నాలుగు బిళ్లలు పెట్టించారు.

డైరెక్టరు గారు వంగారు. హద్దు లేడికి లేచిందే పరుగన్నట్టు మూడు వందల మైక్రాన్లు పోయింది.

డైరెక్టరు గారు మెల్లగా లేచి, "లోహానికి కూడా మనస్సు ఉంటుందని పెద్దలు ఊరికే అనలేదు" అన్నారు. ఏ పెద్దలని ఎవరూ అడగలేదు. దక్షిణామూర్తి గారు రాసుకున్నారు.

"సార్" అంది నీలవేణి. వరండాలో పెట్టిన పిన్నీసు తెచ్చి, ఆయన బ్యాడ్జీకి జానెడు దూరం నుంచి దగ్గరికి జరుపుతూ వెళ్లి, వదిలింది. పిన్నీసు టిక్కుమని వెళ్లి బ్యాడ్జీకి అతుక్కుంది. "చూడండి సార్. పిన్నీసుని లాగినట్టే హద్దునీ లాగుతోంది."

డైరెక్టరు గారు పిన్నీసును ఆప్యాయంగా చూసుకున్నారు. "అంటే ఈ ప్రభావం హద్దుకే పరిమితం కాదన్నమాట" అన్నారు.

తర్వాత ఆర్థికాధికారి కనకారావు గారి వంతు వచ్చింది. భయస్తుడు, మంచివాడు. ఆయన బ్యాడ్జీలో బిళ్లను చేసినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ, తిరగేసి అతికించాడు. అందరి బ్యాడ్జీల్లో బయటికి ఉన్న కొస, ఆయన బ్యాడ్జీలో లోపలికి ఉంది. పాపం ఆయనకేం తెలుసు, దేవుడికి దండం పెట్టుకుని వంగారు. హద్దు తొంభై మైక్రాన్లు వెనక్కి వచ్చింది.

"మళ్లీ వంగండి" అన్నారు డైరెక్టరు గారు.

మళ్లీ వంగారు. మళ్లీ వెనక్కి వచ్చింది.

"కనకారావు గారూ, మీకు దినదిన ప్రగతి మీద ఏమైనా అభిప్రాయ భేదం ఉందా?"

"అయ్యో, లేదండి. నా పిల్లల మీద ఒట్టండి."

"లోపల ఉన్నది దాగదు" అని డైరెక్టరు గారు నిట్టూర్చారు. ఆ సాయంత్రమే కనకారావు గారికి మెమో వెళ్లింది. ప్రగతి నిరోధక స్వభావమునకు సంజాయిషీ ఇవ్వవలెనని, దృక్పథ శిక్షణకు హాజరు కావలెనని.

ఆయన చీకటి పడకముందే ల్యాబ్‌కి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, లోగొంతుతో అడిగారు. "అమ్మాయ్, నిజం చెప్పు. నాలో ఏటి తేడా ఉంది?"

నీలవేణి ఆయన బ్యాడ్జీని అడిగి తీసుకుని, తన బ్యాడ్జీ మీద, రెండు పేర్లూ పైకి ఉండేలా, పెట్టబోయింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. "మీలో ఏ తేడా లేదు సార్. బిళ్ల తిరగబడింది, అంతే."

కనకారావు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు రాసిన నోట్‌లో ఇదే ఉందా? మరి అందరికీ తెలియాలి కదమ్మా. నేను నీ పక్షాన సాక్ష్యం చెప్తాను. బ్యాడ్జీలన్నీ గోదాట్లో పారేయించే దాకా నిద్రపోను."

"ఇక్కడ సముద్రం కదా సార్."

"ఏదో ఒకటి."

పధ్నాలుగో రోజుకు శాస్త్రం సిద్ధమైంది. దక్షిణామూర్తి గారు హోదాకీ హద్దు వేగానికీ ఉన్న సంబంధం గురించి ఒక గ్రాఫు గీయించారు. గుమస్తాకు యాభై మైక్రాన్లు, అధికారికి వంద, డైరెక్టరుకు మూడు వందలు. తిన్నని గీత. అయస్కాంతాల శాస్త్రంలో అంత తిన్నని గీత నీలవేణికి రెండేళ్లలో ఒక్కటి కూడా రాలేదు. ఆ గ్రాఫులో సున్నా దగ్గర ఒక చుక్క ఉంది. దాని పక్కన ఆమె పేరుంది.

మధ్యాహ్నం ఆమెను పిలిచి, రెండు కాగితాలు చేతికిచ్చారు.

మొదటిది: "తాము కోరిన నాలుగు దినముల సెలవు, తగినంత ప్రగతి లేనందున తిరస్కరించడమైనది."

నీలవేణికి కళ్లు చెమర్చాయి. అమ్మ పిలిచిన ఊరంతా కళ్ల ముందు మెదిలింది. పెరట్లో పెద్దమ్మలు బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, రేకు తరవాత రేకు లేపుతూ ఉండి ఉంటారు. సత్యదేవ్ కొత్త గొలుసు డబ్బాను మాటిమాటికీ తెరిచి చూసుకుంటూ ఉండి ఉంటాడు. రెండో కాగితం చదవాలనిపించలేదు.

"అది కూడా చదవండి" అన్నారు దక్షిణామూర్తి గారు.

రెండోది: "పరిశీలనలో తేలినదేమనగా, పరిశోధకురాలు ఒంటరిగా ఉన్న సమయమున హద్దు కదలక, అధికారులు విచ్చేసినంతనే కదలుచున్నది. కావున సదరు పరిశోధకురాలి ఉనికియే ప్రగతికి ఆటంకమని కమిటీ అభిప్రాయపడినది. రేపటి నుండి ఇరవై దినములు ఆమె ప్రయోగశాల ఆవరణలో అడుగుపెట్టరాదు. ఈ కాలమునకు జీతభత్యములు యథావిధిగా చెల్లించబడును. హద్దు సంరక్షణ బాధ్యత కమిటీ వహించును."

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది.

"బాధపడకండి" అన్నారు దక్షిణామూర్తి గారు, మొట్టమొదటిసారి మెత్తగా. "కఠినమైన నిర్ణయమే. సంస్థ శ్రేయస్సు దృష్ట్యా తప్పలేదు."

"నాకు ఒక్క మాట చెప్పాలనుంది సార్. మళ్లీ చెప్తున్నాను. అది బ్యాడ్జీ."

"మీ నోట్ పరిశీలనలో ఉన్నది."

"సరే సార్" అంది నీలవేణి. చెప్పవలసినది రాసి చెప్పింది, నోటితో చెప్పింది, పిన్నీసుతో చెప్పింది. ఇంక ఆమె చేతిలో ఏముంది? వరండాలో అలమర తెరిచి, పిన్నీసులు రెండూ పసుపుతాడుకు తగిలించుకుని, సాయంత్రం బస్సుకి రావులపాలెం బయల్దేరింది. కండక్టరు "జరగండమ్మా" అన్నాడు. జరిగింది.

పదహారో రోజున ఆత్రేయపురంలో ఇల్లు కిటకిటలాడింది. పీటల మీద కూర్చోబెట్టారు. పెద్దమ్మ పసుపుతాడు విప్పి, సూత్రాలను గొలుసుకు గుచ్చుతూ, నల్లపూసలు లెక్కపెడుతోంది. పక్కన సత్యదేవ్ కొత్త పట్టుపంచెలో, ఆవుకి పురుడు పోసేటప్పుడు కూడా అంత చెమట పట్టలేదన్నట్టు తుడుచుకుంటున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. దక్షిణామూర్తి గారు.

"ఎత్తకు" అంది పెద్దమ్మ.

"ఎత్తనీండి పెద్దమ్మగారూ, గేదె గట్టు దిగినట్టుంది" అన్నాడు సత్యదేవ్.

నీలవేణి ఎత్తింది. అవతల ఇస్త్రీ నలిగిన గొంతు. "అమ్మా, ఒక విపత్కర పరిస్థితి. హద్దు కనిపించుట లేదు."

"ఎప్పటి నుంచి సార్?"

"నిన్న ఉదయము నుండి కమిటీ వంతులవారీగా పరిశీలించినది. ప్రగతి అమోఘం. సాయంత్రమునకు తొమ్మిది వందలు దాటినది. ఈ ఉదయము డైరెక్టరు గారు వంగినారు. లేచి చూచునప్పటికి అంతా తెలుపే. నలుపు లేదు, హద్దు లేదు. ఎవరైనా తీసుకుపోయినారా అని సెక్యూరిటీని విచారించుచున్నాము."

"ఎవరూ తీసుకుపోలేదు సార్. అంచు దాటిపోయింది. అణువులన్నీ ఒకే వైపు తిరిగిపోయాయి. ఇంక హద్దుండదు. పని పూర్తయింది."

"పూర్తయిందా?" అన్నారాయన, ఆ మాట తన సర్వీసులో ఎప్పుడూ విననట్టు. "మరి రేపటి ప్రగతి ఎట్లు? ఎల్లుండిది? వంద రోజులకు పథకం. డైరెక్టరు గారు పై వారికి రాసి ఉన్నారు."

పెద్దమ్మ సూత్రం పట్టుకుని కళ్లెర్రజేస్తోంది. నీలవేణికి ఒక్క క్షణంలో అంతా తోచింది. నవ్వును పంటి కింద నొక్కిపెట్టుకుని అంది: "కనకారావు గారిని వంగమనండి సార్."

"ఆయన శిక్షణలో ఉన్నారు. ప్రగతి నిరోధకులు."

"ఆయన వంగితే అంచు నుంచి నలుపు మళ్లీ లోపలికొస్తుంది. దాంతో హద్దూ వస్తుంది. ఆయన వెనక్కి తేవాలి, మీరు ముందుకి పంపాలి. అప్పుడు రోజూ ప్రగతే సార్. ఎప్పటికీ అయిపోదు."

ఫోన్ పెట్టేసి మెడ వంచింది. గొలుసు చల్లగా తగిలింది. సత్యదేవ్ చెవి దగ్గరగా, "ఇప్పుడు నువ్వే వాళ్లకి లక్ష్యం ఇచ్చావు కదే" అన్నాడు.

"వాళ్లు అడిగారు కదండీ."

మర్నాడు పొద్దున ఇద్దరూ పెరటి అరుగు మీద కూర్చుని, నిన్న మిగిలిన పూతరేకులను ఒక్కొక్కటీ సగంసగం తింటున్నారు. సింహాచలం నుంచి ఒక ఫోటో వచ్చింది. లోపలి గదిలో, తాళం వెనక, ఎవరూ వంగని అసలు ఫలకం. ఆరు రోజుల్లో హద్దు రెండుసార్లు ఆగి, రెండుసార్లు దూకి, నలభై మైక్రాన్లు నడిచింది. పక్కనే మాటలు కూడా పంపాడు: "మనది నడిసిందమ్మా. ఎవులూ సూడనప్పుడు."

ఆ ఫోటోను నీలవేణి సత్యదేవ్‌కి చూపిస్తుండగానే కనకారావు గారి ఫోన్ వచ్చింది. గొంతులో కొత్త జిగి.

"అమ్మాయ్, చల్లగా ఉండమ్మా. మెమో వెనక్కి తీసుకున్నారు. నన్ను పునఃప్రగతి ప్రత్యేకాధికారిని చేశారు. పొద్దున డైరెక్టరు గారు వంగుతారు, సాయంత్రం నేను వంగుతాను. నేను లేకపోతే ఆయనకి రేపు లేదన్నమాట. వేరే గది ఇచ్చారు. కారిచ్చారు."

"సంతోషం సార్."

"బ్యాడ్జీ ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు." ఆయన కాస్త ఆగి, దగ్గి, గొంతు తగ్గించారు. "అన్నట్టు, నువ్వు అప్పుడెప్పుడో ఒక నోట్ రాశావు కదమ్మా. ఆ బ్యాడ్జీల సంగతి. అది వెనక్కి తీసుకోడానికి వీలవుతుందంటావా?"

"అది నా చేతిలో లేదు సార్. ఏదో కమిటీ దగ్గర ఆగిపోయి ఉంది."

"ఆగిపోయిందా? హమ్మయ్య. కదలదు కదా?"

నీలవేణి పూతరేకు చివరి ముక్క నోట్లో పెట్టుకుంది. పొర మీద పొర కరిగింది.

"ఇప్పట్లో కదలదు సార్" అంది. "కదిలితే మాత్రం ఒక్కసారే."